అప్రీతి యను మాట



నేడు నేను మనవి చేయదలచినది వ్రాతకై చెరకు పోయినవారి చరిత్ర. మన దేశమున వార్తాపత్రిక పుట్టిననాడే ఈ చరిత్రయు పుట్టినది. 1780వ సంవత్సరము జనవరి మాసమున హిక్కీ యను దొర కలకత్తాలో మొట్టమొదటి వార్తాపత్రికను వెలువరించెను. గవర్నరు జనరలగు హేస్టింగ్సును నిందించెనను కారణమున ఆతడు చెర ననుభవించెను. 1782 మార్చిలో ఆతని అచ్చుసామగ్రిని జప్తు చేసిరి. ఆ కథ చాలమంది చెప్పియున్నారు గనుక నేను దానిని ఇంతటితో విడిచెదను.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. పదములకు అర్థము తేల్చుట నా వృత్తి. పరీక్షలో పదార్థము తప్పినచో విద్యార్థికి పోవునవి ఒకటి రెండు మార్కులు. న్యాయస్థానమున పదార్థము మారినచో మనిషికి పోవునవి ఏండ్లు. ఈ సంగతి ఎంతవరకు నిజమో చూచుటకై పాత తీర్పులను చదివితిని. చదివినకొలది నాకు తోచినదేమనగా, ఈ దేశమున వ్రాతగాండ్రను చెరసాలకు పంపిన చట్టముల చరిత్ర యంతయు నాలుగైదు పదముల అర్థచరిత్రయే.

ఇది సంపాదకులకు సంబంధించిన గొడవ యని మీరు తలపవలదు. పూర్వము ఒక మాటను వేయిమందికి చేర్పవలెనన్న అచ్చుకూటము, కాగితము, సీసపు అక్షరములు, కూర్చువాడు, మోయువాడు కావలసియుండిరి. నేడు మీ మనుమని చేతిలోని సెల్‌ఫోనే అచ్చుకూటము. ఆతడే రచయిత, ఆతడే సంపాదకుడు, ఆతడే పత్రికను ఇల్లిల్లు తిరిగి పంచువాడు. కనుక నాడు సంపాదకునకు మాత్రమే ఉండిన ఆపద నేడు ఎవ్వనికైనను, ఏ పల్లెలోనైనను కలుగవచ్చును.

మొదటి పదము ‘డిజఫెక్షన్’. మెకాలే 1837లో సిద్ధపరచిన శిక్షాస్మృతి చిత్తుప్రతిలో రాజద్రోహమును గూర్చిన విభాగ మొకటి యుండెను. 1860లో ఆ స్మృతి శాసనమైనప్పుడు ఆ విభాగము అందులో లేదు. పదియేండ్ల పిమ్మట, 1870లో, స్టీఫెన్ అను న్యాయసభ్యుడు దానిని 124-ఎ యను సంఖ్యతో చేర్పించెను. ప్రభుత్వముపై ‘డిజఫెక్షన్’ను పురికొల్పువాడు, పురికొల్ప యత్నించువాడు శిక్షార్హుడని దాని సారాంశము. ‘అఫెక్షన్’ అనగా ప్రీతి. దానికి ముందొక ఉపసర్గ చేరినది. తెలుగున ‘అప్రీతి’ యనవచ్చును.

మన వైయాకరణులు ఇట్టి నిషేధార్థకమగు నఞ్‌కు ఆరర్థములు చెప్పిరి. అపాపము అన్నచో పాపము లేకుండుట, అది అభావము. అధర్మము అన్నచో ధర్మమునకు విరుద్ధమైనది, అది విరోధము. అనుదర అన్నచో కడుపు లేని కన్య యని కాదు, సన్నని నడుము గలది యని, అది అల్పత్వము. సాదృశ్యము, అన్యత్వము, అప్రశస్తత అనునవి తక్కిన మూడు. మరి అప్రీతి యనగా ప్రీతి లేకుండుటయా? ప్రీతికి విరుద్ధమైన ద్వేషమా? పాఠశాలలో ఇది సరదా ప్రశ్న. పందొమ్మిదవ శతాబ్దిచివర కలకత్తా, బొంబాయి హైకోర్టులు ఈ ప్రశ్నకే వేరువేరు సమాధానములు చెప్పినవి.

1891లో ‘బంగవాసి’ యను వంగభాషా పత్రికపై కేసు నడచెను. బాలికల సమ్మతివయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన చట్టమును ఆ పత్రిక తీవ్రముగా ఖండించెను. (ఆ చట్టము మంచిదే యని నా యభిప్రాయము, పత్రిక వాదము నాకు సమ్మతము కాదు. అయినను మంచి చట్టమును తిట్టినవాడు నేరస్థుడా యనునది వేరు ప్రశ్న.) ప్రధాన న్యాయమూర్తి పెథరమ్ జ్యూరీకి అర్థము చెప్పుచు, అప్రీతి యనగా ప్రీతికి విరుద్ధమైన భావము, అనగా ద్వేషము, అయిష్టము అనెను. జ్యూరీవారు ఏకాభిప్రాయమునకు రాలేదు. తుదకు సంపాదకాదులు క్షమాపణ చెప్పుకొనగా కేసు ముగిసెను.

ఆరేండ్లకు బొంబాయిలో బాలగంగాధర తిలకును పట్టుకొనిరి. 1897లో పుణ్యపురమున ప్లేగు వ్యాపించెను. ప్లేగు నివారణాధికారి యగు ర్యాండును జూన్ 22న తుపాకితో కాల్చిరి. దానికి వారము ముందు, జూన్ 15న, ‘కేసరి’లో శివాజీ ఉత్సవమునకు సంబంధించిన వ్రాతలు వెలువడియుండెను. వానినిబట్టి తిలకుపై 124-ఎ ప్రయోగించిరి. న్యాయమూర్తి స్ట్రేచీ జ్యూరీకి చెప్పిన అర్థము వేరు. అప్రీతి యనగా ప్రీతి లేకుండుట యని మొదలిడి, ద్వేషము, వైరము, అయిష్టము, తిరస్కారము మొదలగు దుర్భావములన్నియు అందు చేరునని ఆయన విస్తరించెను. వైయాకరణుని కంటితో చూచినచో పెథరమ్ విరోధార్థమును, స్ట్రేచీ అభావార్థమును గ్రహించిరి. తొమ్మండుగురు జ్యూరీలో ఆరుగురు యూరోపియనులు దోషి యనిరి, ముగ్గురు భారతీయులు కాదనిరి. తిలకునకు పదునెనిమిది మాసముల కఠినశిక్ష పడెను. మరుసటి యేడు, 1898లో, ప్రభుత్వము చట్టమును సవరించి, ద్వేషము, తిరస్కారము అను మాటలను కూడ సెక్షనులోనికి ఎక్కించెను. అప్రీతి యందు రాజభక్తిరాహిత్యమును, సకల విధములైన వైరభావమును చేరునని వివరణమును జోడించెను.

విరోధమును ఋజువు చేయుటకు ద్వేషమును చూపవలెను. అభావమును ఋజువు చేయుటకో, ప్రీతి కానరాకున్న చాలును. పన్ను హెచ్చైనదని వ్రాసిన రైతు వ్రాతలో ప్రభుత్వముపై ప్రీతి కానవచ్చునా?

1908 వచ్చునప్పటికి ఈ వల మన కృష్ణాతీరమునకును చేరెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో జన్మించినవారు, కర్నూలు వారు, ఎం.ఏ. పట్టభద్రులు. ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరమున చేరిరి. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు అచ్చట ఉపన్యసించిన పిమ్మట విద్యార్థులలో వందేమాతరము చెలరేగెను. హరిసర్వోత్తమరావు గారు కళాశాలనుండి బహిష్కృతులైరి. మా వృత్తికి రావలసిన మనిషి ఈ విధముగా పత్రికావృత్తికి పోయెను. బెజవాడలో ‘స్వరాజ్య’ యను వారపత్రికను నడపిరి. 1908 మార్చిలో తిరునల్వేలియందు చిదంబరం పిళ్ళ ప్రభృతులను నిర్బంధించినందుకు జనులు తిరుగబడిరి. కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. దానిపై ‘స్వరాజ్య’ ఒక వ్యాసము ప్రకటించెను. అందు పరదేశ ప్రభుత్వమును పులితో పోల్చిరి. అది కేవలము ఒక అలంకారము. ఆ అలంకారమునకు పడినది మూడేండ్ల కఠినశిక్ష, వేలూరు చెరసాల. ఆంధ్రులలో రాజకీయ ఖైదీలలో ఆయనయే మొదటివాడని పెద్దలు చెప్పుదురు. విడుదలయై వచ్చినవాడు గ్రంథాలయోద్యమమునను, వయోజన విద్యాప్రచారమునను తన జీవితమును ధారవోసెను, 1960లో పరమపదించెను. మన పల్లెలలో నేటికిని నిలిచియున్న పాత గ్రంథాలయములు కొన్నింటి వెనుక ఆ చెరసాల మనిషి శ్రమ గలదని మరువరాదు.

ఆ సంవత్సరమే తిలకు రెండవ మారు నిలువబడెను. ఈ మారు న్యాయమూర్తి దావర్. విచిత్రమేమనగా 1897లో తిలకు పక్షమున జామీను కొరకు వాదించి గెలిచినవాడే ఈ దావర్. తిలకు తన వాదమును తానే వినిపించెను. ఇరువదియొక్క గంటలకు మించి మాటాడెను. అందు పెద్దభాగము అనువాదమును గూర్చినదే. నేను మరాఠీలో వ్రాసినది ఒకటి, ప్రభుత్వ అనువాదకుడు ఇంగ్లీషులో చూపినది మరియొకటి, జ్యూరీవారు చదువునది నా వ్రాత కాదు, వాని వ్రాత అని ఆతని మొఱ. ఆ జ్యూరీలో ఏడుగురు యూరోపియనులు, ఇరువురు పారసీకులు. ఏడుగురు దోషి యనిరి, ఇద్దరు కాదనిరి. ఆరేండ్ల ప్రవాసశిక్ష పడి తిలకు బర్మాలోని మాండలే చెరకు పోయెను. దేశభాషలో వ్రాసినవానిని ఆ భాష రానివారు తీర్పు తీర్చుటలోని కష్టము ఎంతటిదో ఆ వాదమును చదివినచో తెలియును.

1922 మార్చి 18న అహమ్మదాబాదులో గాంధీ మహాత్ముడు అదే సెక్షను క్రింద నిలిచెను. ‘యంగ్ ఇండియా’లోని మూడు వ్యాసములు కారణము. ప్రకాశకుడగు శంకర్‌లాల్ బాంకరును కూడ ప్రక్కన నిలిపిరి. మహాత్ముడు పదార్థమును గూర్చి తగవులాడలేదు. ప్రీతిని చట్టముతో పుట్టింపలేరు, చట్టముతో దిద్దలేరు, ఒకనియందు ప్రీతి లేనిచో ఆ సంగతిని చెప్పుకొను స్వేచ్ఛ మనిషికుండవలెను అను అర్థము వచ్చునట్లు పలికి, నేరము నొప్పుకొనెను. న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డు తిలకు కేసును పోలికగా గైకొని ఆరేండ్ల శిక్ష విధించెను. స్ట్రేచీ ఆ పదమును వెడల్పు చేసెను. మహాత్ముడు ఆ పదము నేరమగుటయే తగదనెను.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. 1942లో ఫెడరల్ కోర్టు, ప్రజాశాంతికి భంగము కలుగజేయు ధోరణి లేనిచో రాజద్రోహము లేదనెను. 1947లో లండనులోని ప్రీవీకౌన్సిలు దానిని త్రోసివేసి మరల స్ట్రేచీ అర్థమునే నిలిపెను. రాజ్యాంగ రచనాకాలమున, 1948 డిసెంబరులో, వాక్స్వాతంత్ర్యమునకు గల పరిమితుల జాబితానుండి రాజద్రోహ పదమును మున్షీ మొదలగువారు తీసివేయించిరి. ఐనను శిక్షాస్మృతిలో 124-ఎ అట్లే యుండెను. 1962లో కేదారనాథ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేయక, హింసకు గాని అలజడికి గాని పురికొల్పునప్పుడే అది వర్తించునని దానిని కుదించెను. హైకోర్టుల గ్రంథములలో అర్థము కుదించుకొన్నది. పోలీసుస్టేషనులోని పుస్తకమున మూలము మారలేదు. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

ఇక సెల్‌ఫోను కాలమునకు వత్తము. 2000లో మన పార్లమెంటు సమాచార సాంకేతిక చట్టమును చేసెను. 2008 డిసెంబరులో, బొంబాయి దాడుల దుఃఖమింకను తీరకముందే, సభలో పెద్ద చర్చ లేకయే దానిని సవరించిరి. అట్లు చేరినది 66-ఎ. 2009 అక్టోబరు 27న అమలునకు వచ్చెను. కంప్యూటరు ద్వారా గాని ఫోను ద్వారా గాని ‘మిక్కిలి నొప్పించు’ సమాచారమును పంపువానికి మూడేండ్ల వరకు చెర. అబద్ధమని యెరిగియు చికాకు, అసౌకర్యము, అవమానము, వైమనస్యము మొదలగునవి కలిగించుటకై పంపువానికిని అదే శిక్ష. ఈ మాటలకు తాత 1935లో ఇంగ్లండున చేసిన తపాలాశాఖ సవరణ చట్టము. టెలిఫోనులో ఒకడు మరియొకని బాధించుటను నివారించుటకు కూర్చిన మాటలను తెచ్చి, లోకమంతయు చదువు వ్రాతలకు తగిలించిరి.

చికాకు! ఇది చట్టమున నేరపదమగుటను నేనెన్నడును ఊహింపలేదు. అప్రీతికైనను ఒక గాంభీర్యమున్నది. మా యింటిలో రోజునకు పదిమార్లు చికాకు కలుగును.

2012వ సంవత్సరమున ఈ సెక్షను వరుసగా కాటు వేసెను. ఏప్రిలులో కలకత్తా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర ఆచార్యుడొకడు ముఖ్యమంత్రిపై వేసిన పరిహాసచిత్రమును ఇతరులకు పంపెను. ఆతనిని నిర్బంధించిరి. కేసునుండి విముక్తి దొరకినది 2023 జనవరిలో. నవ్వు ఒక్క క్షణము, న్యాయము పదునొకండేండ్లు. సెప్టెంబరులో బొంబాయిలో ఒక వ్యంగ్యచిత్రకారుని, పార్లమెంటును జాతీయ చిహ్నమును గూర్చి గీచిన బొమ్మలకై, 66-ఎ తో పాటు పాత 124-ఎ క్రిందను పట్టుకొనిరి. అక్టోబరులో పుదుచ్చేరియందు ఒక చిన్న వర్తకుడు అప్పటి కేంద్రమంత్రి కుమారుని గూర్చి ట్విట్టరులో ఒక్క వాక్యము వ్రాసి చిక్కుకొనెను.

నవంబరు 17న బాల్ థాకరే మరణించెను. మరునాడు బొంబాయి నగరమంతయు మూతబడెను. దాపుననున్న పాల్ఘర్ అను ఊరిలో ఒక యువతి, ఇట్టివారు నిత్యము పుట్టి గిట్టుచుందురు, దానికై ఊరు మూయనేల యను భావముతో ఫేస్‌బుక్కులో వ్రాసెను. ఆమె స్నేహితురాలు దానిని ‘లైకు’ చేసెను. అల్లరిమూక వచ్చి ఆ పిల్ల పినతండ్రి ఆసుపత్రిని ధ్వంసము చేసెను. పోలీసులు నిర్బంధించినది ఆ యువతుల నిద్దరిని. తరువాత దేశమంతయు గగ్గోలుకాగా కేసును ఎత్తివేసిరి, అధికారులను సస్పెండు చేసిరి. అది వేరు.

మా ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దమనిషి నన్నడిగెను: "పంతులుగారూ, లైకు కొట్టుట కూడ వ్రాసినట్లేనా?" మన ధర్మశాస్త్రకారులు చేసినవానితో పాటు చేయించినవానిని, అనుమోదించినవానిని కూడ లెక్కించిరి, నిజమే. కాని అనుమోదించినవానికి పాలు పంచుటకు ముందు ఆ పని పాపమని తేలవలెను గదా. పురాణము వినుచు తల ఊపినవానిని పట్టుకొని, ఏ వాక్యమునకు ఊపితివని అడిగినట్లున్నది ఈ వ్యవహారము.

మన తెలుగునాట మాత్రము జరుగలేదా? 2013 మే మాసమున హైదరాబాదులో పౌరహక్కుల సంఘమునకు చెందిన ఒక స్త్రీ న్యాయవాదిని, చీరాల శాసనసభ్యుని గూర్చియు అప్పటి తమిళనాడు గవర్నరును గూర్చియు ఫేస్‌బుక్కులో వ్రాసినందుకు పట్టుకొనిరి. ఆ వార్త సుప్రీంకోర్టునకు చేరెను. ఆ మాసము 16న కోర్టువారు, ఉన్నతాధికారి అనుమతి లేక ఇట్టి పోస్టులకై ఎవరిని నిర్బంధింపరాదని ఆదేశించిరి.

పాల్ఘర్ యువతులకు జరిగినది చూచి న్యాయశాస్త్రము చదువు ఒక విద్యార్థిని, శ్రేయా సింఘాల్, 2012లోనే సుప్రీంకోర్టునకు పోయియుండెను. ఆమె పేరనే 2015 మార్చి 24న తీర్పు వెలువడెను. ధర్మాసనమున ఇరువురు న్యాయమూర్తులు: తీర్పు వ్రాసిన రోహింటన్ నారిమన్ గారు, వారితో కూర్చున్న జాస్తి చలమేశ్వర్ గారు. చలమేశ్వర్ గారు కృష్ణాజిల్లా మొవ్వ దాపుననున్న పెదముత్తేవి వారు. ఒక తెలుగు వ్యాసమునకై సంపాదకుని కోల్పోయిన ఆ జిల్లాయే, నూట యేడేండ్లకు ఆ పీఠముపై తన బిడ్డను చూచుకొనెను.

ఆ తీర్పు నాకు వ్యాఖ్యానగ్రంథమువలె తోచినది. పదమును పట్టుకొని ఆరసిరి. ‘మిక్కిలి నొప్పించునది’ అనగా నేమి? ఇంగ్లండులో ఒకడు తన పార్లమెంటు సభ్యుని కార్యాలయమునకు పలుమార్లు టెలిఫోను చేసి జాతిదూషణములు పలికెను. అవి మిక్కిలి నొప్పించునవి కావని క్రింది కోర్టు చెప్పెను, దానిపై కోర్టును అదే చెప్పెను. 2006లో ప్రభువుల సభ, అవునని చెప్పెను. చదువుకొన్న న్యాయమూర్తులే ఒక పదముపై ఏకీభవింపలేనిచో, సామాన్యుడు తాను గీత దాటితినో లేదో ఎట్లు తెలిసికొనగలడు? అధికారి మాత్రము ఎట్లు తెలిసికొనగలడు? మేము ఈ చట్టమును విచక్షణతో వాడెదమని ప్రభుత్వ న్యాయవాది హామీ ఇచ్చెను. దానికి కోర్టు, ప్రభుత్వములు వచ్చును, పోవును, చట్టము మాత్రము నిలిచియుండును అను భావముతో బదులు చెప్పెను. చర్చించుట వేరు, ఒక పక్షమును ప్రబోధించుట వేరు, అల్లరికి పురికొల్పుట వేరు. మూడవది వచ్చినప్పుడే చట్టము చేయి వేయవలెను అని తేల్చి, 66-ఎ ను మొదలంట కొట్టివేసిరి. వెబ్‌సైటులను అడ్డగించు 69-ఎ ను మాత్రము నిలిపిరి.

మాట నిరపాయకరమని నేననుట లేదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వాట్సాప్ వదంతిని నమ్మి, మన తెలుగు జిల్లాలలోను ఇతర రాష్ట్రములలోను, దారిని పోవు అమాయకులను కొట్టి చంపిరి. ఆడువారి బొమ్మలను వికృతము చేసి త్రిప్పువారు, చంపెదమని బెదరించువారు ఉన్నారు. వారికి వేరు సెక్షనులు ముందునుండియు కలవు, ఉండవలెను కూడ. నా మాట పరిహాసమును, ఫిర్యాదును, ప్రశ్నను ఆ గాటనే కట్టరాదని.

66-ఎ కథ అంతటితో ముగియవలసినది, ముగియలేదు. 2021లో ఒక పౌరహక్కుల సంఘము సుప్రీంకోర్టునకు వచ్చి, చచ్చిన సెక్షను క్రింద ఇంకను కేసులు నడచుచున్నవని విన్నవించెను. పదునొకండు రాష్ట్రముల జిల్లా కోర్టులలో 745 కేసులు. న్యాయమూర్తులు నివ్వెరపోయిరి. అటార్నీ జనరల్ చెప్పిన కారణము వినదగినది. చట్టపుస్తకమున 66-ఎ మూలము యథాతథముగా అచ్చై యున్నది; కొట్టివేయబడినదను సంగతి పుట అడుగున చిన్న యక్షరముల సూచికలో మాత్రమున్నది; పోలీసు అధికారి మూలమును చదువును, సూచికను చదువడు! మా గురువుగారు కావ్యపాఠము చెప్పునప్పుడు, మూలము మాత్రము చదివి టీకను విడిచినవాని కర్ణములను మెలిపెట్టుచుండెడివారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల ఆదేశించినది: ఈ సెక్షను క్రింద ఎవరిపైనను కేసు నడుపరాదు, ఉన్నవానిలోనుండి దానిని తీసివేయవలెను.

పాత 124-ఎ మాత్రము అంతవరకు పనిచేయుచునే యుండెను. మణిపురమున ఒక పత్రికారచయిత 2018లో ముఖ్యమంత్రిని విమర్శించు వీడియోను ఫేస్‌బుక్కున ఉంచెను. కోర్టు విడువగా, జాతీయ భద్రతా చట్టము క్రింద మరల పట్టి 2019 ఏప్రిలు వరకు ఉంచిరి. ఆతనినే 2021లో, గోమయము గోమూత్రము కరోనాకు మందు కాదని వ్రాసినందుకు మరల నిర్బంధించిరి. మన వైపున, 2020 మే 7న విశాఖపట్టణమున విషవాయువు వెలువడి జనులు మరణించిన పిమ్మట, ఆ ఘోరమును గూర్చి ప్రశ్నలను ఫేస్‌బుక్కులో పంచుకొన్న అరువది దాటిన గుంటూరు స్త్రీపై సి.ఐ.డి. వారు కేసు పెట్టిరి. 2025 మార్చిలో హైదరాబాదున, ముఖ్యమంత్రిని తిట్టిన ఒకని మాటలను తమ యూట్యూబు చానలులో చూపిరని ఇద్దరు స్త్రీ పత్రికారచయితలను చెరపట్టిరి; కొలదిదినములకు జామీను దొరకెను. ఆ తిట్లు వారివి కూడ కావు. ఏ పక్షము గద్దె మీద నున్నను ఈ రోగమున్నది. గద్దె దిగగానే ఆ పక్షము వాక్స్వాతంత్ర్యమును గూర్చి చక్కగా ఉపన్యసించును.

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎ ను నిలుపుదల చేసెను. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతియే పోయి భారతీయ న్యాయసంహిత వచ్చెను. అప్రీతి యను మాట ఇప్పుడు చట్టమున లేదు. 152వ సెక్షను వచ్చినది. వేర్పాటును, సాయుధ తిరుగుబాటును, విధ్వంసక కార్యములను రేకెత్తించుట. దేశ సార్వభౌమత్వమును, ఐక్యతను, సమగ్రతను ‘అపాయమున పడవేయుట’ నేరము. ఎలక్ట్రానిక్ సందేశమును పేరు పెట్టి చేర్చిరి. శిక్ష యావజ్జీవము గాని, ఏడేండ్ల వరకు చెర గాని. వేర్పాటు, తిరుగుబాటు అన్నవి తెలియుచున్నవి. ‘అపాయమున పడవేయుట’ అను పదము ఎంతవరకు సాగునో? నూటముప్పదియేండ్ల క్రిందట స్ట్రేచీ ఒక పదమును సాగదీసిన తీరు ఎరిగినవానికి ఈ సందేహము రాకమానదు.

ఐనను 2025 మార్చి 28న వచ్చిన ఒక తీర్పు నాకు సంతోషము కలిగించినది. గుజరాతున జామ్‌నగరులో ఒక రాజ్యసభ సభ్యుని మీద, ఆయన సామాజిక మాధ్యమమున పెట్టిన ఉర్దూ పద్యమునకై కేసు. సుప్రీంకోర్టువారు పద్యమును ఆమూలాగ్రము చదివి, అన్యాయమును ప్రేమతో ఎదుర్కొందుమను భావము దానియందున్నదని అర్థము చెప్పి, కేసును కొట్టివేసిరి. మాట యొక్క ఫలమును దిట్టమైన బుద్ధి గలవాని కొలతతో కొలువవలెను, ప్రతి విమర్శలోను పిడుగును చూచు పిరికివాని కొలతతో కాదనిరి. మూడు మొదలు ఏడేండ్ల లోపు శిక్ష గల ఇట్టి నేరములలో, కేసు వ్రాయుటకు ముందు పదునాలుగు దినములలో ప్రాథమిక విచారణ జరుపు వీలు చట్టమునందే యున్నదని పోలీసులకు గుర్తుచేసిరి.

పెద్దలారా, ఊరిలో పిల్లవానికై జీపు వచ్చినప్పుడు మొదట పిలుపు వచ్చునది మీకే గనుక రెండు సంగతులు చెప్పి ముగించెదను. ఏడేండ్ల వరకు మాత్రమే శిక్ష గల నేరములలో వెంటనే నిర్బంధించుట నియమము కాదు. హాజరు కమ్మని వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చుట నియమము. 2014లో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. నేడది భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షనులో నున్నది. నిర్బంధించినచో కారణములను తెలుపుట రాజ్యాంగపు 22వ అధికరణము విధి. ఆ కారణములను వ్రాసి, ఆతనికి తెలిసిన భాషలో ఇయ్యవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు పలికెను. కనుక ఆ కాగితమును అడిగి తీసికొని, కళ్ళజోడు పెట్టుకొని, సెక్షను సంఖ్యను చదువుడు. అది 66-ఎ అయినచో చట్టపుస్తకమును తెప్పించి ఆ పుట తీసి, అడుగున చిన్న యక్షరములలో నున్న పంక్తిని ఎస్సైగారికి చదివి వినిపింపుడు.